సెలవు అడగడానికి వచ్చిన మనిషి

పోయిన వారం ఈ పేజీలో మనం విడిపోయేసరికి నేను ఇంటి చెప్పులతోనే రోడ్డున పడి పరిగెడుతున్నాను. మా అమ్మడు చదివే బడి నుంచి ఫోనొచ్చింది. "మీ అమ్మాయికి హాజరు చాలలేదు. ఇవాళ సాయంత్రం ఆఫీసు మూసేలోపు వచ్చి కారణం చూపించకపోతే ఏడాది పరీక్షకి కూర్చోనివ్వం" అన్నారు. పొయ్యి ఆపానో లేదో దారంతా గుర్తు రాలేదు. రోజూ పొద్దున్నే తల దువ్వి, డబ్బా సర్ది, పిల్ల సందు మలుపు తిరిగేదాకా చూసిగాని లోపలికి రాని మనిషిని నేను. అలాంటిది నా పిల్లకి హాజరు చాలకపోవడమేమిటి? బడికని బయల్దేరిన పిల్ల ఎక్కడికి వెళుతున్నట్టు?

ఆ కాస్త దూరంలో నా బుర్ర చూడని ఘోరం లేదు. ఎవడో మాయమాటల కుర్రాడు. కాకపోతే చెడు స్నేహాలు. అదీ కాకపోతే ఏదో పెద్ద జబ్బు చేసి, నాకు చెప్పలేక తనే ఆస్పత్రి చుట్టూ తిరుగుతోంది. ఈ మధ్య దాని వేళ్ల సందుల్లో నీలం మరకలు కనిపిస్తున్నాయి. రక్తం చెడితే గోళ్లు నీలం తిరుగుతాయని ఎక్కడో విన్నాను. ఆ మాట అంటే మా ఆయన నవ్వి, "నిన్ను వాతావరణ శాఖలో పెట్టుకోవాలే. నీ లెక్కన రోజూ తుఫానే" అన్నాడు. ఆయనకేం, బస్సు కిందకి దూరి నట్లు బిగిస్తుంటే లోకం కనిపించదు.

బడి ఆఫీసు గది ముందు బల్ల మీద అమ్మడు అప్పటికే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పక్కన కూర్చుని నుదురు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

"ఎక్కడికి పోతున్నావే?" అన్నాను గొంతు తగ్గించి.

"ఎక్కడికీ పోవట్లేదు."

"మరి వీళ్లెందుకు పిలిచారు?"

"లోపల చెబుతారు." తల తిప్పేసుకుంది. పెదవి లోపలివైపు కొరుక్కుంటోంది. అబద్ధం చెప్పేటప్పుడు కొరకదు, ఏడుపు ఆపుకునేటప్పుడు కొరుకుతుంది.

తలుపు మీద సగం అద్దం. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నారు. వరండాకి అవతల తరగతి గదిలో ఎవరో మాస్టారు పేర్లు పిలుస్తున్నాడు. ఒక్కో పేరుకీ ఒక్కో గొంతు లేస్తోంది. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా, ఒకటి నిద్రమత్తుగా. ఆ పిలుపు వింటుంటే, ఇంత గాభరాలోనూ, నన్నెవరో చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుపోయినట్టయింది.

నా చిన్నప్పుడు మా బడికి రేకుల కప్పు. వానొస్తే మాస్టారి గొంతు వినబడేది కాదు. అప్పుడాయన మా మొహాలు చూసి హాజరు వేసుకునేవాడు. సెలవుకి నియమాలేమీ ఉండేవి కావు. ఎవరి నాన్నో, ఎవరి బాబాయో వచ్చి గుమ్మంలో నిలబడి తల గోక్కుంటే చాలు, మాస్టారు "ఊఁ, పో" అనేవాడు.

మా నాన్న గుమ్మంలోకి రాకముందే ఆయన వాసన వచ్చేది. టర్పెంటైను వాసన. బోర్డులు రాసే పని ఆయనది. దుకాణాల మీద పేర్లు, గోడల మీద ప్రకటనలు, లారీల వెనక పూలతీగలు. చెవి వెనక పెన్సిలు, కనుబొమ మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు. "మాస్టారూ, అమ్మాయికి రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోందండీ" అనేవాడు. అంతవరకూ పక్క పిల్ల జడ లాగుతున్న నేను, ఆ మాట వినగానే మెడ వాల్చేసేదాన్ని. మాస్టారు నన్నొకసారి, నాన్ననొకసారి చూసి, "పాపం, బడిలో అడుగు పెట్టాక వచ్చినట్టుంది జ్వరం" అనేవాడు. వీధి మలుపు తిరిగామో లేదో, నా జ్వరం ఎగిరిపోయేది. సైకిలు వెనక కూర్చుని, రంగు డబ్బాల సంచి ఒళ్లో పెట్టుకుని ఊరంతా నాదే అన్నట్టు చూసేదాన్ని.

పెద్ద గోడ దగ్గర నా పని మొదలయ్యేది. నీలం సుద్దపొడి పట్టించిన దారం ఒక కొస నేను బొటనవేలితో గోడకి అదిమి పట్టుకోవాలి. రెండో కొస నాన్న దగ్గర. బిగించి, నడుమ వేలితో లాగి వదిలితే టప్పున గోడకి తగిలి, ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నని నీలం గీత పడేది. ఆ గీత మీద అక్షరాలు కూర్చునేవి. బయటి అంచు నాన్న గీసి, లోపల రంగు నింపడానికి నన్ను వదిలేవాడు. సాయంత్రానికి జుట్టు నుంచి కాలివేళ్ల దాకా పొడి. "సుద్దముక్కా, పద ఇంటికి" అనేవాడు. అదే నా పేరైపోయింది. నాన్న తప్ప ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. నా చదువు ఎనిమిదితో ఆగిందిగానీ, ఇప్పటికీ రొట్టెల దుకాణం మీద అక్షరం వంకరగా కనిపిస్తే నా వేలు దానంతటదే సర్దబోతుంది.

"అమ్మడు వాళ్ల అమ్మగారు, లోపలికి రండి" అన్న పిలుపుతో ఉలిక్కిపడ్డాను.

లోపలున్నావిడని పిల్లలు హాజరు మేడమ్ అంటారు. పెద్ద కళ్లద్దాలు, బల్ల మీద చల్లారిపోయిన టీ. ఆవిడ నన్ను చూసి కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"కూర్చోండమ్మా. మీ గొంతు నాకు కంఠతా వచ్చు. మొహం ఇవాళే చూడటం."

"నేనెప్పుడూ చెప్పకుండా మానిపించలేదు మేడమ్. దగ్గొచ్చినా ఫోన్ చేశాను, తుమ్మొచ్చినా ఫోన్ చేశాను."

"చేశారు తల్లీ. మా అటెండరు ఇంకా తాళం తియ్యకముందే మోగేది. మీ ఫోనెత్తితే నాకే పడిశం పట్టేది. ఆ సెలవులన్నీ మంజూరయ్యాయి. పిల్లకి ఒంట్లో బాగోకపోతే ఆ పొద్దునే కబురు పెట్టాలి, ఎక్కువ రోజులైతే డాక్టరు కాగితం తేవాలి. రెండూ మీరు తప్పలేదు. ఇంట్లో ఎవరైనా పోతే సెలవు. ఇంట్లో మనిషి బాగా జబ్బుపడి, చూసుకునే దిక్కు లేకపోతే, దానికీ కాగితం చూపిస్తే సెలవు. ఊళ్లు తిరగడానికీ, చుట్టాల పనులకీ, వాన పడిందనీ సెలవు లేదు. ఇవన్నీ మీకు తెలుసు."

"తెలుసు మేడమ్. మరి తక్కువెలా పడింది?"

"బడికొచ్చి వెళ్లిపోయిన రోజులు. మధ్యాహ్నం లోపు ఇంటికెళితే ఆ రోజు రానట్టే లెక్క. తీసుకెళ్లిన పెద్దవాళ్లు ఆ వారంలోపు కారణం రాసివ్వాలి. మీవాళ్లు ఒక్కరోజుకీ రాసివ్వలేదు."

"తీసుకెళ్లడమా! ఎవరు తీసుకెళ్లారు? ఎవడికి పడితే వాడికి పిల్లనిచ్చి పంపేస్తారా మీరు?" లేచి నిలబడ్డాను. "నాకొక్క ఫోన్ చెయ్యలేకపోయారా?"

హాజరు మేడమ్ నొచ్చుకోలేదు. జాలిగా చూసింది. "చెయ్యొద్దన్నది మీరేనమ్మా. చేర్పించేటప్పుడు గేటు దగ్గర ఒక పేరు రాయించారు. ఆయన ఎప్పుడొచ్చి అడిగినా ఎందుకని అడక్కుండా పంపండి, నాకు ఫోన్ మాత్రం చెయ్యకండి, బడి నుంచి ఫోనంటే నా గుండె ఆగుతుంది అన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో అలా చెప్పిన తల్లి మీరొక్కరే. అందుకే నాకు జ్ఞాపకం."

అన్నాను. నిజమే. మా ఇద్దరికీ ఒకేసారి ఏదైనా అయితే పిల్ల బడి గేటు దగ్గర దిక్కులేకుండా నిలబడుతుందని భయపడి, నమ్మకమైన ఒక్క పేరు రాయించాను.

"మా నాన్నా?" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి కేకేసింది. గేటు దగ్గరుండే మనిషి వచ్చాడు. పిల్లలంతా బాబాయ్ అని పిలుస్తారు. నన్ను చూసి మొహం వెలిగింది.

"మీ నాన్నగారాండీ! ఎంత మర్యాదండీ ఆయనకి. చెవి వెనక పెన్సిలు, చంకలో సంచి. వస్తూనే, 'మా సుద్దముక్కకి జ్వరం బాబూ, కాస్త పిలవండి' అంటారు. పాపని ఇంట్లో అలా పిలుస్తారు కాబోలనుకున్నా. పాప కూడా ఆ పేరు చెప్పగానే సంచి సర్దుకుని వచ్చేస్తుంది."

మేడమ్, బాబాయ్, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అమ్మడు, ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

"అది దాని పేరు కాదు" అన్నాను చివరికి. "అది నా పేరు."

గుమ్మం దగ్గర అమ్మడు ఏడుపు ఆపుకోలేకపోయింది. దగ్గరికి తీసుకుని జుట్టు వెనక్కి దువ్వుతుంటే, వెక్కుతూ ఒక్కొక్క ముక్కే చెప్పింది.

"మొదటిరోజు ఏదో ఆటనుకున్నానమ్మా. సందు చివర ఆగి, 'అమ్మ మందు మింగిందా? లేక ఉమ్మేసిందా?' అని అడిగాడు. ఏ అమ్మ తాతయ్యా అన్నాను. 'మీ అమ్మేనే' అని కోప్పడ్డాడు. అమ్మమ్మ గురించి అడుగుతున్నాడని అప్పుడర్థమైంది. అమ్మమ్మ నీ చిన్నప్పుడే పోయింది కదా. ఆ మాట చెప్పాను. రోడ్డు మీదే కూర్చుండిపోయాడమ్మా. అప్పుడే తెలిసినట్టు ఏడ్చాడు. ఇంకెప్పుడూ చెప్పలేదు నేను. మందు మింగింది నాన్నా అంటాను."

"నాన్నా అని పిలుస్తున్నావా?"

"మరేమని పిలవను? పాత గోదాము గోడ దగ్గరికి తీసుకెళతాడు. దారం ఇచ్చి పట్టుకోమంటాడు. గీత కొడతాడు. రంగు ఉండదుగా, వట్టి గీతలే. ఆ గీతలు చూసుకుని ఎంత సంతోషపడతాడో. తర్వాత అలిసిపోతాడు. మావయ్య వాళ్లింట్లో దింపి పడుకోబెట్టి, బడి విడిచే వేళకి ఇంటికి వస్తాను. సాయంత్రానికి మళ్లీ మామూలు తాతయ్యే. ఏమీ గుర్తుండదు."

వేళ్ల సందుల నీలం సంగతి అప్పుడు తెలిసింది. నేను దాన్ని నిమ్మకాయతో రుద్ది, పోకపోతే రక్తపరీక్ష చేయించాలనుకుంటున్నాను.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"నీతోనా?" తడికళ్లతోనే నవ్వింది. "నేను పొరపాటున 'అబ్బా' అంటే ఆటో పిలుస్తావు. తాతయ్య నిన్నే మర్చిపోతున్నాడని ఎలా చెప్పమంటావు? పైగా మావయ్యకి తెలిస్తే..."

ఆ మాట పూర్తి చెయ్యక్కర్లేదు. నాన్న అన్నయ్య దగ్గరుంటాడు. అన్నయ్య, వదిన ఇద్దరూ షిఫ్టుల మనుషులు. "ఆయన మనసు సరిగ్గా ఉన్నన్నాళ్లే నా వల్ల అవుతుంది చెల్లీ. ఏ కాస్త తేడా వచ్చినా, కనిపెట్టుకుని ఉండే చోట చేర్చాల్సిందే" అని ఎప్పుడో తేల్చి చెప్పాడు. చెడ్డవాడై అన్న మాట కాదది. అలాంటప్పుడు తాళం వేసిన ఇంట్లో ఆయన్ని వదిలి డ్యూటీకి పోవాల్సినవాడి మాట. మా రెండు గదుల్లో నాన్న పట్టడనీ, మా దగ్గరే ఉంటున్న అత్తగారి మంచం జరిపే చోటు లేదనీ నాకూ తెలుసు.

హాజరు మేడమ్ చల్లారిన టీని పక్కకి జరిపింది.

"చూడమ్మా, నిజం రాస్తే దారుంది. ఇంట్లో పెద్దాయనకి మతి తప్పుతోందనీ, పిల్ల ఆయన్ని కాచుకుందనీ డాక్టరు కాగితం పెట్టండి. ఆయన ఎవరింట్లో ఉంటున్నారో వాళ్ల సంతకం కావాలి. ఆ కాగితం అందిన క్షణం ఆయన పేరు గేటు దగ్గర కొట్టేస్తాను. మళ్లీ వస్తే లోపలికి రానివ్వరు. నా చేతిలో లేదది."

"అంటే మా అన్నయ్య సంతకం."

"అవును. లేదంటే..." అద్దాలు తీసి తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా అంది. "పిల్లకే ఆ రోజుల్లో ఒంట్లో బాగోక తాతగారు వచ్చి తీసుకెళ్లారని తల్లిగా మీరు రాసిచ్చారనుకోండి, మీ దగ్గర నేను అబద్ధం పట్టుకోలేను. ఏడాదంతా మీరు చేసిన ఫోన్లే మీకు సాక్ష్యం."

తెల్లకాగితం నా వైపు తోసింది. ఎంత భయస్తురాలినైనా, లేని జబ్బు ఉందని నా చేత్తో రాసిన పాపాన పోలేదు. రాస్తే నిజమవుతుందని నాకు గుబులు. కలం పట్టుకున్నాను. అమ్మడు నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"రాయకపోతే ఏమవుతుందమ్మా? ఈ క్లాసే మళ్లీ చదువుతాను. అంతేగా. క్లాసు ఎక్కడికీ పోదు. తాతయ్య గీతలు కొట్టడం మానేస్తే మాత్రం..."

"నోర్ముయ్" అన్నానుగానీ గొంతులో బలం లేదు. ఏడాది వెనకబడితే పిల్ల స్నేహితులంతా ముందుకు పోతారు. తను మాత్రం చిన్నపిల్లల మధ్య పొడుగ్గా, ఒంటరిగా కూర్చుంటుంది. నిజం రాస్తే నాన్న ఎక్కడో తెల్లగోడల గదిలో దారం కోసం తడుముకుంటాడు. మూడోదారి అబద్ధం. ఎటు చూసినా నుయ్యీ గొయ్యీ కాదు, రెండు వైపులా నా వాళ్లే.

అప్పుడు గేటు బాబాయ్ మళ్లీ తొంగి చూశాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు. "అమ్మా... పెద్దాయన వచ్చారు. ఇవాళ ఎందుకో మనిషి అదోలా ఉన్నారు."

కలం అక్కడే వదిలేసి బయటికి నడిచాను. అమ్మడు నా వెనకే వచ్చింది.

గేటు ఊచల అవతల నాన్న నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి కిందామీదా పెట్టుకున్నాడు. మొన్న ఆదివారం మా ఇంట్లో కూర్చుని, మా ఆయన మీద పరాచికాలాడి కడుపుబ్బ నవ్వించిన మనిషే. నేను దగ్గరికి వెళ్లాను. పలకరిస్తాడని చూశాను. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం టీచరమ్మా. మా సుద్దముక్కని ఒకసారి పిలుస్తారా? జ్వరం పిల్లకి."

పుట్టినప్పటి నుంచీ తెలిసిన కళ్లు నన్ను పరాయి మనిషిలా, మర్యాదగా చూశాయి. ఎంత భయపడ్డా ఈ భయం నా ఊహకి అందలేదు. ఇనుప ఊచ పట్టుకున్నాను. ఆయన అనుకుంటున్న టీచరమ్మలాగే అడిగాను.

"నిజంగా జ్వరమేనా అండీ?"

నాన్న అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "మీ దగ్గర దాచడమెందుకు తల్లీ. ఏ రోజూ జ్వరం లేదు."

"మరి దారం పట్టడానికా?"

"దారానికి పిల్లెందుకమ్మా? గోడకో మేకు కొడితే అదే పట్టుకుంటుంది." చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "వాళ్లమ్మ మంచంలో ఉంది. రాత్రి ఆయాసం ఎక్కువైతే తెల్లారాక నాకు కాలు నిలవదు. ఏ గడియలో ఏ కబురు వస్తుందో. వస్తే, పిల్ల ఇక్కడ నలుగురి మధ్యా ఒక్కత్తే నిలబడి వినకూడదు. నా పక్కన ఉండాలి. అందుకని ఆ రోజుల్లో వచ్చి తీసుకుపోతా. దానికి తెలియదులెండి. రంగుల కోసమనుకుంటుంది. అనుకోనివ్వండి."

సైకిలు వెనక ఊరంతా నాదే అన్నట్టు తిరిగిన ఆ రోజులు నాన్నకి ఎలాంటి రోజులో ఇన్నేళ్లకి తెలిసింది. ఈ గుండెదడ నాకెక్కడి నుంచి వచ్చిందని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు. ఎదురుగా నిలబడి ఉంది.

"కానీ ఇవాళ మాత్రం తప్పకుండా పంపాలి టీచరమ్మా." నాన్న ఊచల దగ్గరికి జరిగాడు. "ఇవాళ అబద్ధం కాదు. పొద్దున్నే... అయిపోయింది. పిల్లకింకా చెప్పలేదు."

అమ్మ పోయిన రోజు నేను బడిలోనే ఉన్నాను. ఆఖరి గంట కొట్టేదాకా ఉన్నాను. పిల్లలంతా వెళ్లిపోయాక కూడా కాసేపు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు టర్పెంటైను వాసన రాలేదు. మా సందు మొదట్లో కుళాయి దగ్గర ఎవరో పొరుగావిడ బిందె దించి, నలుగురి మధ్యా నాకా మాట చెప్పింది. నాన్న ఎందుకు రాలేదో నేను ఎన్నడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇన్నేళ్లూ ఇద్దరం ఆ రోజు చుట్టూ నడిచాంగాని, దాని మీద అడుగు పెట్టలేదు.

ఇప్పుడు జుట్టంతా నెరిశాక వచ్చాడు. ఆ రోజుకి వచ్చాడు.

వెనక మెట్ల మీద హాజరు మేడమ్ తెల్లకాగితం పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ అంతా విన్నట్టుంది. గేటు బాబాయ్ గడియ మీద చెయ్యి వేసి, తియ్యమంటావా వద్దా అన్నట్టు నా మొహం చూస్తున్నాడు. అమ్మడు నా మణికట్టు గట్టిగా పట్టుకుని చెవిలో అడిగింది.

"అమ్మా, ఎవరు వెళ్లాలి? నువ్వా, నేనా?"

నాన్న మా ఇద్దరినీ దాటి, బడి కిటికీల వైపు ఒక్కొక్కటిగా వెతుకుతున్నాడు.

"త్వరగా పిలవండి తల్లీ" అన్నాడు. "ఇప్పటికే చాలా ఆలస్యమైపోయింది."